పెరట్లో తంగేడు పెంచడం ఎలా?

తంగేడు లేని బతుకమ్మ వెలితిగానే ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమే అయినా, గుట్టలూ బీళ్లూ ప్లాట్లుగా మారిన చోట ఆ పూలను బజారులో కొనుక్కోవలసి వస్తోంది. నాకు అది బాధగా ఉంటుంది. నాలుగు అడుగుల ఎర్రనేల ఉంటే చాలు, ఇంట్లోనే పూస్తుంది.

ముందు సరైన మొక్కను గుర్తుపట్టండి. రోడ్ల వెంట నాటే కొన్ని పెద్ద చెట్లకూ ఇలాంటి పసుపు పూలే పూస్తాయి. తంగేడు ఆకుకాడ మొదట్లో చూడండి, రెండు పక్కలా చెవుల్లాంటి చిన్న ఆకులు కనిపిస్తాయి. శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులేటా' అనే మాటకు అర్థం కూడా చెవులున్నదనే.

కొమ్మ నాటితే వేళ్లు పట్టడం కష్టం కాబట్టి విత్తనమే దారి. దసరా దాటాక కాయలు గోధుమరంగుకు తిరిగి, కాగితంలా పలుచబడి, ఊపితే గలగలమంటాయి. అప్పుడు కోసి గింజలు తీసి నీడలో ఆరబెట్టి దాచుకోండి.

గింజ పైపొర చాలా గట్టిది. మరిగించి దించిన నీళ్లలో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధమైనట్టే. ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టండి.

తొలకరి పడగానే మొక్క ఎక్కడ ఉండాలో అక్కడే, సెంటీమీటరు లోతులో, రెండు మూడు గింజలు విత్తండి. తల్లివేరు లోతుకు దిగుతుంది, పెరిగాక పెకలించి మార్చితే బతకడం కష్టం. సంచిలో పెంచక తప్పకపోతే పొడవాటి సంచి తీసుకుని, వేరు అడుగున చుట్టుకోకముందే నాటేయండి. కంచెగా కావాలంటే అడుగున్నరకు ఒకటి, పొదగా కావాలంటే నాలుగైదు అడుగుల ఎడం.

రోజంతా ఎండ తగలాలి. మొదటి వేసవిలో వారానికి ఒకసారి నీళ్లు చాలు. ప్రేమకొద్దీ రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. ఎరువు అక్కర్లేదు, నీరు నిలవకపోతే చాలు.

పూలు కొత్త కొమ్మల చివర్లలో వస్తాయి కనుక కాయలు కోసుకున్నాక మూడో వంతు కత్తిరించండి. ఆ రొట్ట పారేయకండి, మొక్కల పాదుల్లో పరవండి. పూర్వం వరి మడుల్లో వేసి తొక్కిన పచ్చిరొట్టల్లో తంగేడు కూడా ఒకటి.

ఆకులు కొరికినట్టు కనిపిస్తే మాత్రం మందు కొట్టకండి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్ల సీతాకోకచిలుకలు ఈ ఆకుల మీదే గుడ్లు పెడతాయి. వాటి పురుగులు తిన్నాక మొక్క మళ్లీ చిగురిస్తుంది.