బ్యాండ్ నీడ దాటి సోలో ఆల్బమ్: సీనియర్ రాక్ గాయకుడి రికార్డు ఎలా చేయాలి, ఎలా విడుదల చేయాలి?

నలభై ఏళ్లు బ్యాండుతో పాడిన గొంతు తన ఒక్క పేరు మీద రికార్డు వేయాలనుకున్నప్పుడు అన్నిటికంటే తేలికైన పని స్టూడియో బుక్ చేయడం. అంతకంటే ముందు తేలాల్సినవి మూడున్నాయి. ఈ పాటల మీద హక్కు ఎవరిది? గొంతు ఇప్పుడు ఏ శ్రుతిలో హాయిగా పలుకుతోంది? 'ఇది బాగాలేదు' అని ఆయన ముఖం మీదే చెప్పగలిగేవాళ్లు గదిలో ఎవరున్నారు? వీటికి జవాబు లేకుండా మైకు ఆన్ చేస్తే, ఎంత ఖర్చు పెట్టినా పాత బ్యాండుకు నకలే చేతికొస్తుంది.

1. ముందు కాగితాలు, క్యాలెండరు

బ్యాండు పాత ఒప్పందాలన్నీ బయటికి తీసి చదివించండి. చాలా లేబుళ్ల (రికార్డు కంపెనీల) ఒప్పందాల్లో, సభ్యుడు విడిగా రికార్డు చేస్తే దాన్ని ముందు ఆ లేబుల్‌కే చూపించాలన్న షరతు ఉంటుంది. కవర్ మీద అతికించే స్టిక్కర్‌పై బ్యాండు పేరు వాడొచ్చో లేదో కూడా రాతపూర్వకంగా తేల్చుకోవాలి. రికార్డులు అచ్చయ్యాక ఈ గొడవ వస్తే మొత్తం సరుకు గోదాములోనే ఉండిపోతుంది.

బ్యాండు తరఫున అదే కాలంలో ఏదైనా రాబోతోందేమో కూడా అడగండి. 1970లో పాల్ మెకార్ట్‌నీ తొలి సోలో ఆల్బమ్‌ ఏప్రిల్ 17న వచ్చింది, బీటిల్స్ ఆల్బమ్ 'లెట్ ఇట్ బీ' మే 8న వచ్చింది. రెండూ దగ్గర దగ్గరగా పడుతున్నాయని, మెకార్ట్‌నీ ఆల్బమ్‌ను వాయిదా వేయమని మిగతా సభ్యులు జాన్ లెనన్, జార్జ్ హారిసన్ ఆయనకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ మెకార్ట్‌నీ ఇంటికి వెళ్లారు, అక్కడ పెద్ద గొడవే జరిగింది. చివరికి తేదీ మారలేదు.

2. శ్రుతి కుదర్చడం

ప్రతి పాటనూ ఒక్క గిటారుతో గానీ పియానోతో గానీ మూడు శ్రుతుల్లో పాడించి ఫోన్లో రికార్డు చేయండి: రాసుకున్న శ్రుతి, దానికి ఒక సెమిటోన్ (అర స్వరం) కింద, రెండు సెమిటోన్ల కింద. మర్నాడు వినండి. ఒక్కసారి అందుకోగలిగిన పైస్వరాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పదోసారి పాడినా అందే స్వరమే లెక్క, ఎందుకంటే రేపు టూరులో వారానికి నాలుగు రాత్రులు అదే పాట పాడాలి.

శ్రుతి తగ్గిస్తే గిటారు వాయింపు కూడా మారుతుంది. తెరిచిన తీగల మీద కట్టిన రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వాయింపును) వేరే స్థానంలో వాయిస్తే ఆ మోగే గుణం పోతుంది. అందుకే గిటారునే ఒకటి రెండు సెమిటోన్లు దించి శ్రుతి చేస్తారు. 10-46 (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) తీగలు దించితే వదులై, గట్టిగా మీటినప్పుడు స్వరం పైకి జారుతుంది. 11-49 సెట్టు వేసి, మెడ వంపు, ఇంటొనేషన్ (మెడ పొడవునా స్వరాలు శ్రుతిలో పలకడం) మళ్లీ సరిచేయించండి. ఈ చిన్న పని మరిచిపోతే గాయకుడు అపశ్రుతిలో పాడుతున్నాడని గంటల తరబడి అనుమానిస్తారు. తీరా చూస్తే తప్పు గిటారుది.

3. భయపడని నిర్మాత

ఇరవై దాకా డెమోలు తయారు చేసి, అందులోంచి తొమ్మిదో పదో ఎంచుకోండి. మొత్తం నిడివి నలభై నిమిషాల్లో ఉంటే మంచిది. కారణం వినైల్ (గాడులున్న ప్లాస్టిక్ రికార్డు) దగ్గర చెబుతాను.

ఆ ఎంపిక గాయకుడి పాత కీర్తికి దండం పెట్టేవారి చేతిలో ఉండకూడదు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు, గాయకుడు డేవిడ్ గిల్మర్ 2024లో విడుదల చేసిన 'లక్ అండ్ స్ట్రేంజ్'కు తనతో కలిసి పనిచేయడానికి ఆల్ట్-జే బృందం రికార్డులు చేసిన నిర్మాత చార్లీ ఆండ్రూను పిలిచారు. పింక్ ఫ్లాయిడ్ చరిత్ర ఆండ్రూకు పెద్దగా పట్టలేదని, ఇక్కడ గిటారు సోలో ఎందుకని నేరుగా అడిగేవారని గిల్మరే సంతోషంగా చెప్పుకున్నారు. నా దృష్టిలో సీనియర్ కళాకారుడికి అంతకంటే విలువైన సాయం లేదు. బ్యాండులో ఉన్నప్పుడు ఆ మాట అనడానికి ముగ్గురు నలుగురు ఉండేవారు. సోలో రికార్డులో ఆ కుర్చీ ఖాళీ అవుతుంది, దాన్ని కావాలని నింపుకోవాలి.

4. పెట్టెలోని పాత టేపులు

సీనియర్ల దగ్గర పూర్తికాని పాత పాటలు తప్పకుండా ఉంటాయి. 'లక్ అండ్ స్ట్రేంజ్' పేరు పాటలో వినిపించే కీబోర్డు, 2008లో కన్నుమూసిన పింక్ ఫ్లాయిడ్ కీబోర్డిస్టు రిచర్డ్ రైట్ అంతకుముందు ఏడాది గిల్మర్ ఇంటి దగ్గర వాయించినదే.

అయితే దొరికిన టేపును వెంటనే యంత్రానికి ఎక్కించకండి. 1970ల నడిమి నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన ఆంపెక్స్ 456 లాంటి టేపుల్లో అయస్కాంతపు పొడిని అంటిపెట్టే జిగురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. తిప్పితే కీచుమంటూ, గోధుమరంగు పొడి హెడ్‌లకు అంటుకుంటుంది, దాంతోపాటు సంగీతమూ ఊడిపోతుంది. అలాంటి టేపును 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలపాటు, మధ్యలో ఒకసారి తిరగేస్తూ, ఆరబెట్టాలి. ల్యాబ్ ఇంక్యుబేటర్ గానీ ఆహారాన్ని ఎండబెట్టే డీహైడ్రేటర్ గానీ వాడండి. వంటింటి ఓవెన్‌లో వేడి నిలకడగా ఉండదు, అది వద్దు. పూర్తిగా చల్లారాక, నెల తిరగకముందే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో డిజిటల్‌కు మార్చండి. చుట్టను వెలుతురుకు అడ్డంగా పట్టి చూసినప్పుడు కాంతి లోపలినుంచి కనిపిస్తే అది అసిటేట్ టేపు. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వేడి చేయకూడదు.

5. రికార్డింగ్

డ్రమ్స్, బేస్, ఒక గిటారు కలిసి ఒకే గదిలో వాయించాలి. గాయకుడు పక్కన దారి చూపే గొంతు ఇస్తే చాలు. డ్రమ్స్‌కు కొత్త తోళ్లు వేయించండి. పైన వేలాడే రెండు మైకులూ స్నేర్ (గరగరమని మోగే చిన్న డ్రమ్) మధ్యబిందువు నుంచి సమదూరంలో ఉండాలి, దారంతో కొలవండి. తేడా ఉంటే స్నేర్ ఒక పక్కకు జారి పలచగా వినిపిస్తుంది. స్నేర్ కింద మైకు పెడితే దాని పోలారిటీ (సంకేతపు ప్లస్, మైనస్) తిప్పండి.

గిటారు ఆంప్ ముందు షూర్ ఎస్ఎం57 మైకును గుడ్డకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, కోన్ మధ్య నుంచి కాస్త పక్కకు పెట్టండి. అదే వాయింపును డీఐ బాక్స్ (గిటారును ఆంప్ లేకుండా నేరుగా రికార్డింగ్‌కు కలిపే పెట్టె) ద్వారా శుభ్రంగా ఇంకో ట్రాక్ మీద పట్టుకోండి. ఆంప్ శబ్దం తర్వాత నచ్చకపోతే, మళ్లీ వాయించకుండానే వేరే ఆంప్‌లోంచి పంపించవచ్చు.

గొంతు రికార్డింగ్ రోజుకు రెండు మూడు గంటలు మించకూడదు. నోటికి మైకుకు మధ్య జానెడు కంటే కాస్త తక్కువ దూరం ఉండాలి. వయసుతో బొంగురుపడ్డ గొంతును ఖరీదైన కండెన్సర్ మైకు గరుకుగా చూపిస్తే ఎస్ఎం7బీ లాంటి డైనమిక్ మైకు పెట్టి చూడండి. దానికి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ (సంకేతం పెంపు) కావాలి, దాన్ని పెంచే ప్రీఆంప్ బలహీనమైనదైతే బుసలు వినిపిస్తాయి. నాలుగైదు టేకులు తీసి వాటిలోంచి వాక్యం వాక్యంగా ఏరుకోండి. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం బాగా పొదుపుగా వాడండి. ఆ గొంతులోని వయసు వినడానికే జనం ఈ ఆల్బమ్ కొంటారు.

6. మిక్సింగ్: చెవుల సంగతి

దశాబ్దాలపాటు స్టేజి మీద ఆంపుల ముందు నిలబడ్డవారికి హెచ్చు స్థాయి పౌనఃపున్యాలు సరిగా వినిపించవు. అందుకే 'ఇంకాస్త ట్రెబుల్ పెంచు' అని అడుగుతూనే ఉంటారు. అడిగినంతా పెంచితే ఇంట్లో వినేవాళ్ల చెవులు కోసుకుపోతాయి. గాయకుడికి బాగా నచ్చిన రెండు మూడు పాత రికార్డులను అదే స్పీకర్లలో, అదే శబ్దస్థాయిలో పక్కపక్కనే వినిపించండి. తేడా ఆయనకే తెలుస్తుంది, వాదన అక్కర్లేదు.

గదిలో శబ్దం 80 డెసిబెల్స్ దగ్గర ఆపండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పరిమితి ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 91 దగ్గర రెండు గంటలే.

7. మాస్టరింగ్, వినైల్

స్ట్రీమింగ్‌కు, సీడీకి, వినైల్‌కు వేర్వేరు మాస్టర్లు కావాలి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే బిగ్గరతనపు కొలత) స్థాయికి పాటలను సర్దుతుంది. కాబట్టి విపరీతంగా బిగించి పెంచిన పాటను అది తగ్గించే వినిపిస్తుంది. ఊపు పోవడమే తప్ప లాభం లేదు. ట్రూ పీక్ (శబ్దం అందుకునే అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉంచండి.

నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పన్నెండంగుళాల రికార్డులో ఒక్కో వైపు 20 నిమిషాల లోపు ఉంటే గాడులు వెడల్పుగా, శబ్దం నిండుగా ఉంటుంది. 22 దాటితే స్థాయి తగ్గించక తప్పదు. మధ్యకు వచ్చేకొద్దీ సూది కింద గాడి కదిలే వేగం తగ్గి, పదునైన శబ్దాలు చెదురుతాయి. అందువల్ల ప్రతి వైపూ చివర నెమ్మదైన పాట పెట్టండి. లోతైన బేస్ మధ్యలో, మోనోలో ఉండాలి. 'స', 'ష' శబ్దాలను ముందే అణచాలి.

టెస్ట్ ప్రెసింగ్ (ఫ్యాక్టరీ ముందుగా పంపే నమూనా ప్రతులు) వచ్చాక రెండు మూడు వేర్వేరు ప్లేయర్ల మీద పూర్తిగా వినండి. టిక్‌మనే శబ్దం 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంటే అది ఒక చుట్టుకు ఒకటి, అంటే గాడులకు అడ్డంగా గీత పడింది. అన్ని ప్రతుల్లోనూ ఒకేచోట ఉంటే లోపం స్టాంపర్‌లోనో (రికార్డులు అచ్చుగుద్దే లోహపు అచ్చు) లాకర్‌లోనో (మొదట గాడులు చెక్కే పళ్లెం) ఉంది, ఫ్యాక్టరీకి తిప్పి పంపండి. ఒక్క ప్రతిలోనే ఉంటే ఆ రికార్డుదే లోపం.

8. పేర్లు, కోడ్‌లు, వాటాలు

పాట ఎవరు రాశారు, ఎవరి వాటా ఎంత అన్నది రికార్డింగ్ రోజునే సంతకాలతో రాసుకోండి. వాయించినవారి అనుమతి పత్రాలు కూడా అప్పుడే తీసుకోవాలి. ప్రతి రికార్డింగ్‌కు ఒక ఐఎస్ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ను గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఉండాలి, అదే పాట వేరే మిక్స్‌కు వేరే కోడ్. మన దేశంలో ఈ కోడ్‌లను ఇచ్చేది ఐఎంఐ (ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ). హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండే పాటల రచయిత, స్వరకర్త తమ రాయల్టీ కోసం ఐపీఆర్ఎస్‌లో (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) సభ్యత్వం తీసుకోవాలి. బ్రిటన్‌లో ఆ పని పీఆర్ఎస్‌ది. రికార్డు మీద వాయించినవారికి రావాల్సింది అక్కడ పీపీఎల్ అనే సంస్థ చూస్తుంది.

9. విడుదల

2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతం శుక్రవారమే వస్తోంది. వినైల్‌కు ఐదారు నెలలు కేటాయించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. డిస్ట్రిబ్యూటర్‌కు ఫైళ్లు కనీసం నాలుగు వారాల ముందు చేరాలి.

జెనెసిస్ బ్యాండు మాజీ గాయకుడు పీటర్ గాబ్రియల్ 2023లో 'ఐ/ఓ' విడుదల చేసిన తీరు చూడదగ్గది. జనవరి 6 నుంచి ప్రతి పున్నమికీ ఒక పాట చొప్పున వదిలారు. స్పైక్ స్టెంట్ చేసిన 'బ్రైట్-సైడ్', చాడ్ బ్లేక్ చేసిన 'డార్క్-సైడ్' అని ఒక్కో పాటకు రెండు స్టీరియో మిక్స్‌లు. పూర్తి ఆల్బమ్ డిసెంబర్ 1న వచ్చింది. 2002 తర్వాత కొత్త పాటల ఆల్బమే తేని కళాకారుణ్ని వినేవాళ్లకు మళ్లీ నెలనెలా అలవాటు చేసిన పద్ధతి అది. అన్ని పాటలూ ముందే సిద్ధంగా లేనివాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకూడదు. ఒక నెల తప్పితే ఎదురుచూపు చల్లారిపోతుంది.

'బ్యాండు విడిపోయిందా?' అన్న ప్రశ్న తప్పదు. జవాబు ముందే ఖాయం చేసుకుని, మిగతా సభ్యులకు కూడా చెప్పండి. మెకార్ట్‌నీ 1970లో పత్రికలకు పంపిన ప్రతుల్లో జతచేసిన ప్రశ్నోత్తరాల కాగితమే బీటిల్స్ విడిపోయారన్న వార్తగా లోకమంతా పాకింది.

10. భద్రపరచడం

విడుదల హడావుడి తగ్గగానే ప్రతి ట్రాక్‌నూ సున్నా సెకను నుంచి మొదలయ్యే వేవ్ ఫైలుగా తీయించండి, ఎఫెక్ట్‌లతో ఒకటి, అవి లేకుండా ఒకటి. ఇప్పటి ప్లగ్ఇన్‌లు (ఎఫెక్ట్‌లు ఇచ్చే సాఫ్ట్‌వేర్) పదేళ్ల తర్వాత తెరుచుకోకపోవచ్చు. పాట వేగం, శ్రుతి, వాయించినవారి పేర్లు రాసిన కాగితంతో సహా మూడు ప్రతులు చేసి, ఒకటి మాత్రం వేరే ఊళ్లో పెట్టండి.