క్యారవాన్‌లో హై వోల్టేజ్ కొట్టాక: బోర్డు మార్చే ముందు న్యూట్రల్ చూడండి

షూటింగ్ క్యారవాన్ల ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళకి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే. "అన్నా, జనరేటర్ వేయగానే టప్‌మంది, ఏసీ పోయింది, కొత్త బోర్డు పట్టుకొస్తావా?" ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు సంగతి తర్వాత చూద్దాం. బండి ఇన్‌లెట్ దగ్గర, అంటే బయటి కరెంటు కేబుల్ తగిలించే చోట, మీటర్ పెట్టి చూశారా? చూడరు. కృష్ణానగర్‌లో నిలబెట్టిన బండైనా, వికారాబాద్ అవుట్‌డోర్‌కి పోయిన బండైనా ఇదే తంతు.

బండి మొత్తం డెడ్

చేంజోవర్ స్విచ్ (ఇన్వర్టర్ నుంచి బయటి కరెంటుకి మార్చేది) ఏ వైపుందో చూడండి. నవ్వకండి. రాత్రంతా ఇన్వర్టర్ మీద నడిపి, పొద్దున కేబుల్ తగిలించి, స్విచ్ తిప్పడం మరిచి ఆటోనగర్ దాకా తోలుకొచ్చినవాళ్ళున్నారు. అది సరిగ్గానే ఉంటే మెయిన్ ఎమ్‌సీబీని (లోడ్ ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్) పూర్తిగా కిందకి దించి మళ్ళీ ఎత్తండి. ట్రిప్ అయినది కొన్నిసార్లు మధ్యలో ఆగి, ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆర్‌సీసీబీ నిలవడం లేదు

ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎర్త్‌కి లీకైతే పడిపోయే స్విచ్. ముందు గీజర్‌ని అనుమానించండి. ఎమ్‌సీబీలు ఒక్కొక్కటే దించి వెతికితే ఒక్కోసారి దొరకదు, ఎందుకంటే సింగిల్ పోల్ ఎమ్‌సీబీ ఫేజ్‌నే (కరెంటు వచ్చే తీగ) కట్ చేస్తుంది. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) ఎర్త్‌కి తగులుతుంటే ఎమ్‌సీబీ దించినా ట్రిప్ అవుతూనే ఉంటుంది. ప్లగ్గులన్నీ ఊడదీసి ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. దొరికేదాకా ఆర్‌సీసీబీని బైపాస్ చేసి నడిపించొద్దు. బండి బాడీ మొత్తం ఇనుము.

పొద్దున బాగున్న 12 వోల్టుల లైట్లు సాయంత్రానికి డల్

చార్జర్ పోయింది. పొద్దంతా బ్యాటరీ లాక్కొచ్చింది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. కరెంటు కేబుల్ తగిలించి బ్యాటరీ టెర్మినళ్ళ మీద చూడండి: 13.5 పైన ఉంటే చార్జర్ బతికున్నట్టే. 12.5 దగ్గర ఉండి మెల్లగా దిగుతుంటే పోయినట్టే. దాని ఇన్‌పుట్ ఫ్యూజ్ చూడకుండా కొత్తది కొనకండి.

ఏసీ డెడ్, బోర్డులో ఫ్యూజ్ నల్లబడింది

ఫ్యూజ్ పక్కనే బిళ్ళలా వేరిస్టర్ ఉంటుంది. హై వోల్టేజ్ వస్తే అది షార్టయి, ఫ్యూజ్‌ని ఎగరగొట్టి, వెనకున్న బోర్డుని కాపాడుతుంది. ఫ్యూజ్ ఒక్కటే మారిస్తే మళ్ళీ పోతుంది. వేరిస్టర్ కూడా మార్చండి. కోఠి గుజరాతీ గల్లీలో అదే నంబర్‌ది దొరుకుతుంది, పెద్ద ఖర్చేం కాదు. దాన్ని కట్ చేసి పారేసి, ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టి "నడుస్తుంది లే" అనే మెకానిక్‌కి బండి ఇవ్వకండి. స్పైక్ గార్డ్ ఉందిగా అంటారు. దాంట్లో ఉన్నదీ ఈ బిళ్ళే. క్షణంలో వచ్చిపోయే స్పైక్‌ని ఆపుతుంది గానీ, నిమిషాల తరబడి 350 వోల్టులుంటే అదే కాలిపోతుంది.

అన్నీ మార్చినా రెండు రోజులకి మళ్ళీ పోయింది

ఇది లూజ్ న్యూట్రల్. మనల్ని ముంచేది ఇదే.

రెండు మూడు గదుల క్యారవాన్‌కి త్రీ ఫేజ్ ఇచ్చి, గదికో ఫేజ్ పంచుతారు. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు ప్రతి గదికీ 230. అది తెగితే రెండు గదుల లోడ్లు ఒకదాని వెనక ఒకటి పడి, రెండు ఫేజ్‌ల మధ్య ఉండే 400 వోల్టులు పంచుకుంటాయి. ఆ పంపకం సమానంగా ఉండదు. ఒక గదిలో 2000 వాట్ల గీజర్, ఇంకో గదిలో 200 వాట్ల అద్దం బల్బులు ఉన్నాయనుకోండి. గీజర్‌కి 40 వోల్టులు కూడా రావు, బల్బుల గదికి 360 దాటుతుంది. ఆ గదిలో ఏం తగిలించి ఉంటే అది పోతుంది. అందుకే మేకప్ మ్యాన్‌ని అడగండి: పక్క గదిలో గీజర్ వేసినప్పుడు అద్దం లైట్లు భగ్గున తెల్లగా వెలిగాయా అని. మీ మీటర్ కంటే ముందు ఆయన కళ్ళకే తెలుస్తుంది.

మోసం ఎక్కడంటే, లోడ్ లేనప్పుడు మీటర్ చక్కగా 230 చూపిస్తుంది. ఐదు పిన్నుల ప్లగ్ బయట నుంచి కొత్తదానిలా ఉంటుంది. జనరేటర్ ఆఫ్ చేయించి, ప్లగ్ విప్పి న్యూట్రల్ పిన్ దగ్గర చూడండి. స్క్రూ బిగుతుగానే ఉంటుంది, కానీ బిగిసింది రాగి మీద కాదు, వైరు తోలు మీద. నాలుగైదు పోగులు మాత్రం పిన్‌కి ఆని ఉంటాయి. తోలు చివర గోధుమరంగులోకి తిరిగి, గోరుతో గీకితే పెళుసుగా రాలుతుంది.

పరీక్ష ఇలా చేయండి. రెండో గదిలో అన్నీ ఊడదీసి, పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒక్కటే పెట్టి, అక్కడ మీటర్ ఉంచండి. మొదటి గదిలో గీజర్ వేయండి. రెండు గదుల్లోనూ వోల్టేజ్ తగ్గితే జనరేటర్ నీరసం. ఒక గదిలో తగ్గి ఇంకో గదిలో పెరిగితే న్యూట్రల్. పొడుగు కేబుల్ మీద రెండు మూడు వోల్టులు పెరగడం మామూలే. పది దాటితే ఆపేసి ప్లగ్గులు విప్పాల్సిందే.

బాగుచేయడానికి, రంగు మారిన చోటి దాకా కాదు, రాగి మెరిసేదాకా వైరు కోయండి. వైరు చివరకి లగ్ (లోహపు తొడుగు) నొక్కి క్రింప్ చేసి, బిగించి, చేత్తో గట్టిగా లాగి చూడండి. పిన్ కాలి ఉంటే ప్లగ్, సాకెట్ రెండూ మార్చాలి. కాలిన సాకెట్‌లో పెట్టిన కొత్త ప్లగ్ కూడా కాలుతుంది. బండి వైపు ఒక్కటే చూసి వదిలేయకండి. జనరేటర్ బోర్డు, మధ్యలో ఎక్స్‌టెన్షన్ జాయింట్ కూడా విప్పండి. మొయినాబాద్, శంకర్‌పల్లి ఫామ్‌హౌస్‌ల్లో మీటర్ బోర్డు నుంచి తీసుకుంటే, అల్యూమినియం తీగకి రాగి తీగ మెలేసి టేపు చుట్టిన జాయింట్ కోసం వెతకండి. ఒక వర్షాకాలం దాటితే అది నమ్మదగ్గది కాదు. అక్కడ అల్యూమినియం, రాగి రెండిటినీ కలపడానికే చేసిన బైమెటాలిక్ లగ్ వేయించండి.

పిడుగు పడిందనో, జనరేటర్ ఏవీఆర్ (వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే భాగం) పోయిందనో చాలామంది మొదలే చెప్తారు. ఏవీఆర్ పోతే మూడు గదుల్లోనూ ఒకేసారి పెరుగుతుంది, మీటర్‌తో నిమిషంలో తేలుతుంది. పిడుగైతే ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే చెప్తారు.

ఇదంతా అయ్యాక బండి మెయిన్‌లో వోల్టేజ్ రిలే ఒకటి పెట్టించండి, 270 దాటితే కాంటాక్టర్‌ని (మెయిన్ కరెంటుని కలిపే పెద్ద స్విచ్) కట్ చేసేలా. మూడు ఫేజ్‌లనీ న్యూట్రల్‌తో పోల్చి కొలిచే రకమే అడగండి. ఫేజ్‌ల మధ్య మాత్రమే కొలిచేదానికి న్యూట్రల్ తెగినా తెలియదు, ఎందుకంటే అక్కడ 400 అలాగే ఉంటుంది. రాణిగంజ్‌లో షాపువాడు మొదట చేతికిచ్చేది ఆ రెండోదే.