జర్మనీకి వచ్చే పాలమూరు, నల్లగొండ పిల్లలకు: శరణార్థుల గురించి మాట్లాడే ముందు

ఈ మధ్య వనపర్తి నుంచి చదువుకు వచ్చిన ఒక తమ్ముడు, హాస్టల్ వంటగదిలో జర్మన్ విద్యార్థుల ముందు, "మేము డబ్బు కట్టి, వీసా తీసుకొని వచ్చినవాళ్లం, ఆ శరణార్థుల వంటివాళ్లం కాము" అని చెప్పి మెప్పు కోసం ఎదురుచూశాడు. ఎవరూ మెచ్చలేదు సరికదా, ఒక అమ్మాయి పళ్లెం తీసుకొని లేచి వెళ్లిపోయింది. బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల కోసం ముందుగా డబ్బు వేసి చూపించే ఖాతా), బీమా, చిరునామా నమోదు గురించి చెప్పేవారు మీకు చాలామంది దొరుకుతారు కనుక వాటిని వదిలి, ఈ ఒక్క సంగతే రాస్తున్నాను.

2015లో దాదాపు 8,90,000 మంది శరణు కోరి ఈ దేశానికి వచ్చినప్పుడు, మ్యూనిక్ స్టేషన్‌లో జనం చప్పట్లతో, తినుబండారాలతో వారిని ఆహ్వానించారు. ఆ ఏడాది చివరి రాత్రి కొలోన్‌లో మహిళలపై జరిగిన దాడుల తర్వాత గాలి మారింది. 2022లో ఉక్రెయిన్ నుంచి వచ్చినవారికి విడివిడి విచారణ లేకుండానే రక్షణ, పనిచేసే హక్కు లభించాయి. సిరియన్లు, ఆఫ్ఘన్లు మాత్రం విచారణ కోసం నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు మొదలయ్యాయి. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలను తీవ్రంగా వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ 20.8 శాతం ఓట్లతో రెండో స్థానంలో నిలిచింది.

దీన్ని చూసి ఇక్కడి జనాన్ని రెండు వర్గాలుగా విడదీయకండి. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 15 ఐరోపా దేశాల్లో దాదాపు 18,000 మందిని అడిగితే, ఉద్యోగం చేయగలవారిని, హింస అనుభవించినవారిని, పొంతన ఉన్న కథనం చెప్పినవారిని రానివ్వాలని ఎక్కువమంది అన్నారు. ముస్లింల కంటే క్రైస్తవుల వైపు మొగ్గు చూపడమూ అందులో బయటపడింది. అంటే దయ, లెక్క, పక్షపాతం ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. చట్టం చేసేది బెర్లిన్‌లోని కేంద్ర ప్రభుత్వం, ఇల్లు వెతికేది, బడిలో సీటు చూపించేది ఊరి పాలకవర్గం. అందుకే మీరు వినే ఫిర్యాదుల్లో చాలావరకు అద్దె ఇళ్ల గురించే ఉంటాయి.

విదేశీయులు తక్కువగా ఉండే తూర్పు ప్రాంతాల్లోనే వ్యతిరేకత ఎక్కువ. 2024 రాష్ట్ర ఎన్నికల్లో ఏఎఫ్‌డీ మొదటి స్థానం సాధించిన తూర్పు రాష్ట్రం తురింగియాలోనే, ఫీజు తక్కువని మీరు చేరే ఇల్మెనావ్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వీధిలో మీ వీసా రకం ఎవరికి కనిపిస్తుంది? నా మొదటి చలికాలంలో రైలు పెట్టె మొత్తంలో నన్నొక్కడినే కాగితాలు చూపమన్నారు. "నేను వాళ్లలో ఒకణ్ణి కాను" అనే మాట అక్కడ ఎందుకూ పనికిరాలేదు, నివాస కార్డే పనికివచ్చింది. సరిహద్దు దాటి ప్రాగ్‌కో స్ట్రాస్‌బర్గ్‌కో షికారు వెళ్లినా పాస్‌పోర్టు, కార్డు రెండూ జేబులో ఉండాలి.

ఎవరైనా అభిప్రాయం అడిగితే "మీ ఊళ్లో ఎట్లా ఉంది?" అని తిరిగి అడిగి వినండి. మట్టిపనికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల మనుమలు, శ్రీశైలం ముంపులో ఊళ్లు పోయిన కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల బిడ్డలు ఆశ్రయం కోరినవారిని చిన్నచూపు చూడడం నాకైతే మింగుడుపడదు. మునిగిన ఊరివాళ్లను కొత్త ఊరు ఎట్లా చూసిందో ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్లను అడగండి.

ఇక భయం సంగతి. ఆశ్రయ చట్టం వేరు, మీ విద్యార్థి అనుమతి వేరు. అది బిగిసినంత మాత్రాన ఇది రద్దు కాదు. శరణార్థుల విషయంలో గట్టిపడిన ప్రభుత్వమే 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామన్నది. కాబట్టి రండి. జర్మన్ భాష మాత్రం బి1 (మధ్యస్థాయి) దాకా మన దగ్గరే నేర్చుకొని రండి, లేకపోతే ఈ చర్చలు వినడానికి కూడా మీకు వీలుండదు.