ఎండుతున్న పెరటి మామిడి, పొడుస్తున్న వడ్రంగి పిట్ట: సమస్య - పరిష్కారం

బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి వంటి పాత పేటల్లో పెద్దలు నాటిన మామిడి చెట్టు ఒక పక్క నుంచి ఎండుతూ రావడం, అదే రోజుల్లో వడ్రంగి పిట్ట దాని మొద్దును పట్టుకుని పొడవడం మన తెలుగు కుటుంబాలు చాలా చోట్ల చూస్తున్నవే. రెండూ ఒకేసారి కంటబడడంతో పిట్ట వల్లనే చెట్టు చస్తోందని నమ్మి, దాన్ని తరమడానికి డబ్బాలు మోగిస్తారు, మొద్దుకు వల చుడతారు. జరిగేది దీనికి తలకిందులు. కర్రలో పురుగు చేరాకనో, కర్ర పుచ్చి మెత్తబడ్డాకనో పిట్ట వస్తుంది. అందువల్ల అది ఎక్కడ పొడుస్తోందో ముందు జాగ్రత్తగా చూడాలి. జబ్బు ఉన్న చోటు చాలాసార్లు అదే.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా ఉత్తర అమెరికా మేపుల్ చెట్ల గురించినవి. అక్కడ సాప్‌సకర్ అనే వడ్రంగి పిట్ట బతికున్న మేపుల్ బెరడుకు వరుసగా చిన్న రంధ్రాలు చేసి, కారే రసాన్ని తాగుతుంది కనుక మొద్దుకు గోనెపట్టా చుట్టమనడంలో అర్థముంది. ఆ పక్షి మన దేశంలో లేదు. ఇక్కడ తరచుగా కనిపించే బంగారు వన్నె వీపున్న వడ్రంగి పిట్ట చీమలనూ, బెరడు కింద దాగిన పెంకు పురుగుల పిల్లలనూ ఏరుకుని తింటుంది. ఇక్కడ గోనె చుడితే బెరడు చెమ్మగిల్లి, లోపలి పురుగుకు కాపలా కాసినట్టవుతుంది.

లక్షణం: బెరడు చీలి, ఎగుడుదిగుడు గుంటలు పడడం, చెట్టు మొదలు దగ్గర పొట్టు రాలడం

మామిడికి ఇది ముఖ్యమైన ముప్పు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కారణం కాండం తొలుచు పురుగు. పొడవాటి మీసాలున్న పెద్ద పెంకు పురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే తెల్లటి లావుపాటి పురుగు నెలల తరబడి కర్రలో సొరంగాలు చేస్తుంది. బెరడు మీద రంధ్రం, దాని అంచున ఆరిన జిగురు, కింద రవ్వలా రాలిన పొట్టు ఉంటాయి. ఆ పొట్టును పూర్తిగా ఊడ్చేసి మర్నాడు చూడండి. కొత్తది తేమతో, లేత రంగులో మళ్లీ రాలి ఉంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. పాత పొట్టు తప్ప కొత్తది లేకపోతే పురుగు వెళ్లిపోయి ఉండవచ్చు, లేదా పిట్ట తినేసి ఉండవచ్చు.

పరిష్కారం ఓపికతో చేయవలసిన పని. చివర కొక్కెంలా వంచిన సన్నటి ఇనుప తీగను రంధ్రంలోకి దూర్చి, పురుగును బయటికి లాగాలి. అది అందకపోతే పెట్రోలులో ముంచిన దూదిని లోపలికి నొక్కి, బంకమట్టితో మూసేయాలి. అప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఈ పురుగు మీద చాలా కాలంగా పని చేస్తున్నారు. పురుగు నాలుగైదు చోట్ల ఉంటే వారి సలహా తీసుకోవడం మేలు.

లక్షణం: ఎండిన కొమ్మలో నున్నగా, గుండ్రంగా ఉన్న రంధ్రం

ఇది గూడు. వడ్రంగి పిట్టదైనా కావచ్చు, కంసాలి పిట్టదైనా కావచ్చు, రోజంతా కుట్రూ కుట్రూ అని కూసే ఆకుపచ్చ పక్షిదైనా కావచ్చు. చచ్చిన కర్రను తొలచడం వల్ల చెట్టుకు కొత్త నష్టమేమీ లేదు. దీన్ని మూయకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ఈ పక్షులకు రక్షణ ఉంది. కొమ్మ ఇంటి మీదికి వాలి ఉంటే మాత్రం, గూటిలో పిల్లలు లేని సమయం చూసి తీయించండి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గూళ్లు నిండి ఉంటాయి, బెంగళూరులో చెట్లను కూల్చే గాలివానలు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. కనుక ఎండిన కొమ్మలను పరీక్షించి తీయించే పని నవంబరు చివరలోనే చేయించాలి.

లక్షణం: కొమ్మలు కొసల నుంచి వెనక్కి ఎండడం

గోటితో రెమ్మ బెరడును గీకండి. కింద పచ్చగా ఉంటే ప్రాణముంది, గోధుమ రంగు ఉంటే లేదు. పచ్చదనం మొదలైన చోటికి నాలుగు వేళ్ల మేర కిందకు కోసి, కోతకు బోర్డో పేస్టు పూయాలి. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, వంద గ్రాముల సున్నాన్ని మరో అర లీటరులో ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలిపి, తర్వాత ఒకటి చేస్తే అది తయారవుతుంది. ఇనుప పాత్ర పనికిరాదు. కొమ్మ మొద్దును కలిసే చోట ఉండే ఉబ్బును వదిలి దాని అవతల కోయాలి, ఎందుకంటే గాయాన్ని కమ్ముకుని కొత్త కర్ర వచ్చేది అక్కడి నుంచే. పాత తొర్రలను సిమెంటుతో నింపడం మానేయండి. లోపల చెమ్మ నిలిచి పుచ్చు పెరుగుతుంది, గాలికి చెట్టు ఊగినప్పుడు గట్టి సిమెంటు కర్రను ఒరుసుకుంటుంది.

ఎండడం ఒకే పక్కన ఉంటే ఆ పక్క నేలను చూడండి. కేబుల్ కోసమో, మురుగు పైపు కోసమో తవ్విన కందకం అటే ఉంటే వేర్లు తెగి ఉంటాయి. మొద్దు చుట్టూ కనీసం ఒక మీటరు మేర కాంక్రీటు పగలగొట్టించి, ఎండుటాకులు పరచి, ఎండాకాలంలో కొమ్మల నీడ అంచున నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టాలి. మొద్దుకు ఆనించి మట్టి పోయవద్దు.

లక్షణం: మొదలు దగ్గర బల్లపరుపు పుట్టగొడుగులు, నేలలో పగులు, కొత్తగా వాలడం

గట్టి చెక్కలా ఉండే ఈ పుట్టగొడుగు, వేర్లను పుచ్చబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రానిది కావచ్చు. అది బయటికి కనిపించే సరికి వేర్లు చాలా మేరకు పుచ్చి ఉంటాయి. దీనికి మందు వేసి చెట్టును కాపాడతామనే మాట నమ్మకండి. చెక్క సుత్తితో మొదలు చుట్టూ కొట్టి వినండి. ఎక్కువ చోట్ల డొల్లగా మోగితే, నేల పగిలితే, చెట్టు కింద వాహనాలు నిలపడం, పిల్లలు ఆడడం ఆ రోజే ఆపించాలి.

సొంత ఆవరణలోని చెట్టయినా కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 ప్రకారం ట్రీ ఆఫీసరు (ఆ చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతిచ్చే అధికారి) అనుమతి లేనిదే కొట్టించకూడదు. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది కాబట్టి మీ చెట్టు సంగతి ఆ అధికారినే అడగండి. దరఖాస్తుతో పాటు పుట్టగొడుగు, పగులు, వాలు స్పష్టంగా కనిపించే ఫోటోలు ఇవ్వండి. మొదలు గట్టిగా ఉండి పైభాగమే చచ్చిపోతే, ఇంటికీ దారికీ దూరంగా ఉన్న పక్షంలో, మొత్తం నరకకుండా మనిషి ఎత్తు మొద్దును నిలిపి ఉంచడానికి అనుమతి అడగవచ్చు. అందులో పక్షులు మరికొన్నేళ్లు గూడు కట్టుకుంటాయి.