బాలిలో ఒక రోజు నింపాదిగా గడపడం ఎలా?

మన ప్యాకేజీ టూర్లలో ఒక్క రోజులో కోతుల అడవి, జలపాతం, కాఫీ తోట, మూడు గుళ్లు కుక్కేస్తారు. చివరికి గుర్తుండేది కారు సీటు ఒక్కటే. రోజుకు ఒక్క ఊరు చాలు. నా మాట వింటే ఆ ఊరు తంపక్‌సిరింగ్.

1. దానికి దగ్గర్లోని ఉబుద్ ఊళ్లో బస చేయండి. స్కూటర్ వద్దు, పూటకు కారు మాట్లాడుకోండి. తువ్వాలు, మార్చుకునే బట్టలు, చిల్లర నోట్లు చాలు.

2. తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్ గుడికి పొద్దున్నే, తెరిచే వేళకు చేరండి. పది దాటితే బస్సులు దిగుతాయి. పౌర్ణమి నాడు స్థానికులే కిక్కిరిసి ఉంటారు, వాళ్లకు అడ్డం పోకండి.

3. ఇక స్నానం. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

క్రీ.శ. 962 నాటి ఈ గుడిలో ఊట నీళ్లు వరుసగా రాతి ధారల్లోంచి కోనేట్లో పడతాయి. మాయాదానవుడు నీళ్లలో విషం కలిపితే ఇంద్రుడు నేలను చీల్చి ఈ ఊట పుట్టించాడని వాళ్ల కథ. కాబట్టి ఇది కుర్తాళం జలపాతం కాదు. కేకలు, సబ్బు, సెల్ఫీ కర్ర, ఏవీ వద్దు. నెలసరిలో ఉన్నవాళ్లను గుళ్లోకి రానివ్వరు.

గుళ్లోకి వెళ్లడానికి చుట్టుకున్న సరోంగ్‌తో (లుంగీలాంటి బట్ట) నీళ్లలో దిగకూడదు. స్నానానికి వేరే సరోంగ్ అద్దెకిస్తారు, నడుం పట్టీ కూడా కట్టుకోవాలి. ముందు పూలూ ఆకులూ పెట్టిన చిన్న దొన్నె సమర్పించి దండం పెట్టుకోండి. తర్వాత ఎడమ చివరి నుంచి మొదలుపెట్టండి. ప్రతి ధార దగ్గరా చేతులు జోడించి, మొహం కడుక్కుని, తల పెట్టి పక్కకు జరగాలి. నీళ్లు జిల్లుమంటాయి, చేపలు కాలివేళ్లను తాకుతాయి, గెంతకండి.

అన్ని ధారల కిందా తల పెట్టకూడదు. వరుస చివర్లో రెండు ధారలు చనిపోయినవారి కర్మలకు సంబంధించినవి. లెక్క కంఠస్థం చేసి వెళ్లేవాళ్లున్నారు, నాకది నచ్చదు. ముందున్న బాలి పెద్దావిడ ఎక్కడ దాటేస్తే మీరూ అక్కడ దాటేయండి. యూట్యూబ్ వీడియో కన్నా ఆవిడే నయం. ముందు ఎవరూ లేకపోతే దిగకముందే అక్కడి మనిషిని అడగండి.

తడి సరోంగ్ విప్పి, పొడిది కట్టుకున్నాకే లోపలి ప్రాకారంలోకి వెళ్లండి. ఇసుకలోంచి ఊట బుడబుడమని పైకి రావడం అక్కడ కనిపిస్తుంది. చాలామంది అది చూడకుండానే ఫోటోలతో వెళ్లిపోతారు.

4. మధ్యాహ్నం నాసి చంపూర్, అంటే అన్నంతో పాటు రకరకాల కూరలు వడ్డించే పళ్లెం, తినండి. శాకాహారులు సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద ఉందేమో అడగాలి.

5. సాయంత్రం దగ్గర్లోని గునుంగ్ కావి. మూడు వందలకు పైగా మెట్లు దిగితే కొండను తొలిచిన 11వ శతాబ్దపు గుళ్లు. వరి మళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి.

టికెట్లు కొనేముందు న్యెపీ ఎప్పుడో చూసుకోండి. అది వాళ్ల శక సంవత్సరాది, ఇంచుమించు మన ఉగాది రోజుల్లోనే వస్తుంది. ఆ 24 గంటలూ విమానాశ్రయం మూతే, హోటల్ గేటు దాటనివ్వరు.