గ్రాఫ్ కాలిక్యులేటర్ నేర్చుకుందాం, 6వ పాఠం: ఎంత చెరపాలి, ఎక్కడ ఆగాలి

ఐదో పాఠంలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-84 ప్లస్ కాలిక్యులేటర్‌లో లోలకం ప్రయోగం కొలతల్ని ఎల్1, ఎల్2 పట్టీల్లో (అంకెల్ని వరుసగా నింపే లిస్టుల్లో) నింపి చుక్కల గ్రాఫ్ గీశాం. ఆ తర్వాత ఎల్2లోంచి ఒకటి రెండు అంకెలు తీసేసి, ప్లాట్1ని, అంటే ఆ చుక్కల గ్రాఫ్‌ని, ఆపడం మరిచిపోయినవాళ్లకు ఇప్పుడు వై=లో ఏం రాసి గ్రాఫ్ నొక్కినా 'ఎర్రర్: డిమ్ మిస్‌మ్యాచ్' అనే వస్తుంది. రెండు పట్టీల పొడవు సరిపోలేదని దాని అర్థం. మీ సమీకరణంలో తప్పేమీ లేదు. పట్టీలు పూర్తిగా ఖాళీ అయితే 'ఇన్వాలిడ్ డిమ్' అంటుంది. ఇలాంటప్పుడే మిషన్ పాడైందనుకుని మొత్తం రీసెట్ కొట్టేస్తారు. ఆ అవసరం లేదు. సెకండ్ నొక్కి వై= నొక్కండి, స్టాట్ ప్లాట్ జాబితా వస్తుంది. 4 నొక్కి ఎంటర్ కొట్టండి. 'డన్' అని పడిందంటే ప్లాట్లన్నీ ఆగినట్టే, మీ గ్రాఫ్ మామూలుగా వస్తుంది.

ఈ పాఠమంతా ఇదే పద్ధతి. ఏది అడ్డం పడుతోందో దాన్ని మాత్రమే చెరపాలి. అది కుదరనప్పుడే పై మెట్టుకు వెళ్లాలి.

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో మీ చేతికి వచ్చిన టీఐ-84 ప్లస్ అమెరికాలో చదివిన అన్నయ్యో పిన్నిగారి అమ్మాయో వాడి పంపినదైతే ఈ జాగ్రత్త మరీ అవసరం. అందులో వాళ్లు రాసుకున్న ప్రోగ్రాములు ఉండొచ్చు. వర్గ సమీకరణం సాధించే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటి దొరికినా దాన్ని చదివి ఎంతో నేర్చుకోవచ్చు. చూడకుండా చెరిపేస్తే మళ్లీ రాదు.

పలక, పెట్టె

కాలిక్యులేటర్‌లో దాచుకునే చోట్లు రెండు. ర్యామ్ పలక లాంటిది. లెక్కలు, పట్టీలు, కొత్తగా రాసిన ప్రోగ్రాములు అన్నీ దాని మీదే ఉంటాయి, ఒక్క తుడుపుకు పోతాయి. ఆర్కైవ్ పెట్టె లాంటిది. అందులో పెట్టినది ర్యామ్‌ని తుడిచినా ఉంటుంది. టీఐ-84 ప్లస్‌లో మనకు దక్కే ర్యామ్ 24 కిలోబైట్లు, ఆర్కైవ్ 480 కిలోబైట్లు. రంగుల తెర ఉన్న సీఈ మోడల్‌లో ర్యామ్ 154 కిలోబైట్లు, ఆర్కైవ్ 3 మెగాబైట్లు.

సెకండ్ నొక్కి ప్లస్ నొక్కితే మెమరీ జాబితా వస్తుంది. అందులో 2వది మెమ్ మేనేజ్‌మెంట్. దాంట్లో 7 నొక్కితే ప్రోగ్రాముల పేర్లు, ఒక్కోటి ఎంత చోటు తింటోందో ఆ అంకె కనిపిస్తాయి. బాణం గుర్తును పేరు పక్కన నిలిపి ఎంటర్ కొడితే చుక్క గుర్తు (*) పడుతుంది, ఆ ప్రోగ్రామ్ పెట్టెలోకి వెళ్లిందన్నమాట. మళ్లీ ఎంటర్ కొడితే పలక మీదికి వస్తుంది. అక్కడే డెల్ నొక్కితే ఆ ఒక్క ప్రోగ్రామే పోతుంది, మిగతావి కదలవు. పెట్టెలో ఉన్న ప్రోగ్రామ్‌ని అక్కణ్ణుంచే నడపబోతే 'ఎర్రర్: ఆర్కైవ్డ్' అంటుంది. కంగారు పడకండి, చుక్క తీసేసి నడపండి.

ర్యామ్‌లోని పట్టీలు, ప్రోగ్రాములు అన్నింటినీ ఒక మూటగా దాచాలంటే మెమరీ జాబితాలో 8వది, గ్రూప్. కొత్త గ్రూప్ తెరిచి, పేరు పెట్టి (ఎనిమిది అక్షరాలు మించకూడదు, మొదటిది అక్షరమే కావాలి), కావలసినవి ఎంచి డన్ అనండి. ఆ నకలు ఆర్కైవ్‌లో కూర్చుంటుంది. ఇంట్లో కంప్యూటరు, పాత కెమెరాలకు వచ్చిన మినీ యూఎస్‌బీ కేబులు ఉంటే టీఐ కనెక్ట్ సాఫ్ట్‌వేర్‌తో దింపుకోవడం ఇంకా మంచిది.

చిన్న తుడుపులు

వై=లో ఒక సమీకరణం పోవాలంటే ఆ వరుసలో నిలబడి క్లియర్. ఒక పట్టీ ఖాళీ కావాలంటే స్టాట్, 1 నొక్కి, పైబాణంతో ఎల్1 అనే పేరు మీదికే ఎక్కి, క్లియర్ నొక్కి ఎంటర్. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు క్లియర్ బదులు డెల్ నొక్కడం. అప్పుడు పట్టీ వరుసే తెర మీదినుంచి మాయమవుతుంది. అంకెలు పోలేదు, వరుస దాక్కుందంతే. స్టాట్, 5 నొక్కి సెటప్ ఎడిటర్ తెచ్చుకుని ఎంటర్ కొడితే ఎల్1 నుంచి ఎల్6 దాకా తిరిగి వరుసలో నిలబడతాయి.

ర్యామ్‌లోని పట్టీలన్నీ ఒకేసారి ఖాళీ చేయడానికి మెమరీ జాబితాలో 4, తర్వాత ఎంటర్. 3వది పాత లెక్కల వరుసను చెరుపుతుంది. సెకండ్, ఎంటర్ కొడితే వెనక్కి వస్తాయే, ఆ వరుసనే.

ర్యామ్ రీసెట్

ముందు ఒక గుర్తు పెట్టుకుని చేద్దాం, ఏం పోతుందో కళ్లతో చూసినట్టుంటుంది. గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. 1501 కొట్టి, స్టో కీ నొక్కి, ఆల్ఫా నొక్కి, భాగహారం కీ (అదే ఎం అక్షరం), ఎంటర్. కోరాపుట్‌లోని దేవమాలి 1672 మీటర్లు. దాన్ని అలాగే డి అక్షరంలో దాచండి, ఎక్స్ ఇన్వర్స్ కీ మీద ఉంటుంది. డి మైనస్ ఎం అడిగితే 171 రావాలి. ఒక చిన్న ప్రోగ్రామ్‌కి చుక్క పెట్టండి, ఇంకోదానికి పెట్టకండి. పోయినా పరవాలేదనుకున్నదే చుక్క లేకుండా ఉంచండి.

ఇప్పుడు సెకండ్, ప్లస్, 7. పైన మూడు పేర్లుంటాయి: ర్యామ్, ఆర్కైవ్, ఆల్. ర్యామ్ మీదే ఉండండి, పక్కకు జరగొద్దు. 1 నొక్కండి, తర్వాతి తెరలో 1 అంటే వద్దు, 2 అంటే రీసెట్. 2 నొక్కగానే 'ర్యామ్ క్లియర్డ్' అని పడుతుంది. తెర తెల్లగా ఏమీ లేనట్టు కనిపిస్తే కాంట్రాస్ట్ తగ్గిందని అర్థం. సెకండ్ నొక్కి వదిలి, పైబాణం పట్టుకోండి, అక్షరాలు నల్లబడతాయి.

డి మైనస్ ఎం మళ్లీ అడగండి, సున్నా. చుక్క పెట్టిన ప్రోగ్రామ్ ఉంది, పెట్టనిది లేదు.

ఇంతవరకు తేలికే. మార్కులు పోయేది దీని తర్వాత. రీసెట్ అయిన టీఐ రేడియన్‌లోకి వెళ్లిపోతుంది. సైన్ 30 కొట్టి చూడండి, 0.5 రాదు, మైనస్ 0.988 వస్తుంది. కాలిక్యులేటర్ సరిగ్గానే చెబుతోంది, 30 రేడియన్ల సైన్ అదే. భౌతికశాస్త్రం లెక్కల్లో వాలుతలం కోణం డిగ్రీల్లో ఇస్తే మాత్రం జవాబంతా తప్పు. అందుకని రీసెట్ కాగానే మోడ్ నొక్కి డిగ్రీ మీద ఎంటర్ కొట్టడం అలవాటు చేసుకోండి. రెండోది, కొలతల చుక్కలకు సరళరేఖ అమర్చినప్పుడు, అవి గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే ఆర్ విలువ కనిపించదు. సెకండ్, 0 నొక్కి కేటలాగ్ తెరిచి, డి అక్షరం దగ్గర డయాగ్నొస్టిక్ ఆన్ వెతికి రెండుసార్లు ఎంటర్ కొట్టండి. గ్రాఫ్ కిటికీ కూడా మైనస్ 10 నుంచి 10కి తిరిగి వస్తుంది, మీ గ్రాఫ్ ఎటో వెళ్లిపోయిందనుకోకండి.

దాచుకున్నవి ఉండాలి, అమరికలు మాత్రం మొదటికి రావాలి అనుకుంటే అదే ర్యామ్ తెరలో 1 బదులు 2, డిఫాల్ట్స్. అమరిక ఎక్కడో చెడి గ్రాఫ్ రాకపోతే ముందు ఇదే చేసి చూడండి.

ఆర్కైవ్, ఆల్ అనే పేర్ల జోలికి మామూలుగా వెళ్లొద్దని మా గట్టి సలహా. ఆల్ అంటే ప్రోగ్రాములు, మూటలు, కొన్నప్పుడు లోపల వేసి ఇచ్చిన యాప్‌లు అన్నీ పోతాయి. మిషన్ నడుస్తుంది గానీ యాప్‌లను కంప్యూటర్ నుంచి ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించాలి. కేబులు లేనివాళ్లకు అది పెద్ద కష్టం.

బిగుసుకుపోతే

మొదట ఆన్ కీ పట్టుకోండి. ఆగని ప్రోగ్రామ్ అయితే 'ఎర్రర్: బ్రేక్' అని వస్తుంది, 1 నొక్కి బయటికి రండి. అదీ పలక్కపోతే వెనక మూత తీసి నాలుగు సెల్లుల్లో ఒకటి తీయండి. క్లియర్ కీ నొక్కి పట్టుకునే ఆ సెల్లు తిరిగి పెట్టి, ఐదు నుంచి పది సెకన్లు అలాగే పట్టి వదలండి. ర్యామ్ పోవచ్చు, అందుకే ముఖ్యమైనవి పెట్టెలో ఉండాలన్నది. సీఈ మోడల్‌లో ఈ సెల్లులు ఉండవు, వెనకవైపు చిన్న రీసెట్ బొత్తం ఉంటుంది.

టీఐ-84 ప్లస్‌లో వేసేవి రిమోట్‌లో వాడే సన్న సెల్లులు. కొట్లో ఆల్కలైన్‌వే అడగండి, నాలుగూ ఒకేసారి మార్చండి, పాతవీ కొత్తవీ కలపకండి. వీటికి తోడు ఒక బిళ్ల సెల్లు ఉంటుంది, 303 లేదా ఎస్‌ఆర్44 రకం, వాచీ కొట్లో దొరుకుతుంది. సన్న సెల్లులు తీసినప్పుడు ర్యామ్‌ని నిలబెట్టేది అదే. మూడు నాలుగేళ్లకోసారి మార్చాలి, కానీ సన్న సెల్లులు లోపల ఉండగానే మార్చాలి. రెండు రకాలూ ఒకేసారి తీస్తే ర్యామ్ ఖాళీ.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లల్లో లోహపు రేకులు త్వరగా తుప్పు పడతాయి, తరచూ మూత తీసి చూస్తుండండి. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి పేరుకుంటే, సెల్లులన్నీ తీసి, దూది పుల్లను నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కొద్దిగా తడిపి రేకుల్ని రుద్ది, పూర్తిగా ఆరాకే కొత్తవి వేయండి. వేసవి సెలవుల్లో వాడకపోతే సన్న సెల్లులు తీసి విడిగా పెట్టండి.

క్యాసియో ఉన్నవాళ్లకు

గుణుపురం, రాయగడ కాలేజీ పిల్లల దగ్గర ఉండే ఎఫ్‌ఎక్స్-991 గ్రాఫ్ గీయదు, కానీ చెరిపే పద్ధతి దగ్గరిదే. ఈఎస్ ప్లస్‌లో, ఈఎక్స్‌లో షిఫ్ట్, 9 నొక్కాక 1 అమరికలకు, 2 దాచిన విలువలకు, 3 అన్నింటికీ. తర్వాత ఈక్వల్, చివర ఏసీ. పాత ఎంఎస్‌లో షిఫ్ట్, మోడ్, 3, ఈక్వల్. టీఐకి భిన్నంగా ఇవి రీసెట్ తర్వాత డిగ్రీలోకి వస్తాయి, కాబట్టి రేడియన్ లెక్క చేసేవాళ్లే గుర్తుంచుకుని మార్చుకోవాలి. గ్రాఫ్ గీసే ఎఫ్‌ఎక్స్-9860జీ2లో, సీజీ50లో మెనూలో సిస్టమ్ తెరిచి ఎఫ్5 నొక్కాలి. అక్కడ ఎఫ్1 అమరికలు, ఎఫ్2 ముఖ్య మెమరీ.

గేట్ రాసేవాళ్లకు ఒక మాట: అక్కడ సొంత కాలిక్యులేటర్‌ని లోపలికి తీసుకెళ్లనివ్వరు, తెర మీదే ఒకటి ఇస్తారు. మిగతా పరీక్షలకు హాల్‌టికెట్‌తో ఇచ్చిన నిబంధనలు ముందే చదవండి.

వచ్చే పాఠానికి ఎల్1, ఎల్2 ఖాళీ చేసి, డిగ్రీ మోడ్ పెట్టి, డయాగ్నొస్టిక్ ఆన్ చేసి సిద్ధంగా ఉండండి. లోలకం పొడవు, కాలం కొలతలు మళ్లీ అవే కావాలి, కాగితం పారేయకండి.