పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోయిన ఎలక్ట్రిక్ గిటార్‌ను దించి యాంప్లిఫయర్‌కు కలిపితే, చాలాసార్లు అసలు శబ్దమే రాదు, లేదా నాబ్ తిప్పినప్పుడల్లా గరగరమని మోత వస్తుంది. అంతటితో అది పాడైపోయిందని పక్కన పెట్టేసేవారూ ఉన్నారు, తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పాత పికప్‌లు పీకేసి కొత్తవి కొనేవారూ ఉన్నారు. రెండూ తొందరపాటే. పాత గిటార్లలో కనిపించే లోపాలు చాలావరకు దుమ్ము, తుప్పు, వదులైన బిగింపులు, ఊడిన ఒకటి రెండు సోల్డర్ అతుకుల (లోహాన్ని కరిగించి వేసే అతుకుల) వల్ల వచ్చేవే కాబట్టి, కొంచెం ఓపిక ఉన్నవారెవరైనా వాటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అయితే ఏదీ విప్పకముందే లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి, ఆ తర్వాత పనులను వాటి వరుసలోనే చేయాలి. వరుస తప్పితే చేసిన పనినే మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి

స్టార్ మొన, చదును మొన ఉన్న స్క్రూడ్రైవర్లు, అలెన్ కీల సెట్టు, మల్టీమీటర్, 30 నుంచి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లోపల రోజిన్ ఫ్లక్స్ (అతుకు బాగా పట్టడానికి వాడే పదార్థం) ఉన్న సోల్డర్ తీగ, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, ట్యూనర్, కొత్త తీగల సెట్టు ఉంటే సరిపోతుంది. నీటి పైపులు అతికేటప్పుడు వాడే ఆమ్లపు ఫ్లక్స్‌ను మాత్రం దగ్గరకు రానివ్వకూడదు. అది కొన్నాళ్లకు సన్నని రాగి తీగలను తినేస్తుంది.

గిటార్ లోపల పుట్టే విద్యుత్తు అతి స్వల్పం కాబట్టి, కేబుల్ తీసేసిన గిటార్‌ను విప్పడంలో ప్రమాదమేమీ లేదు. యాంప్లిఫయర్ సంగతి అలా కాదు. వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్‌లోని కెపాసిటర్లు ప్లగ్ పీకేసిన తర్వాత కూడా వందల వోల్టులను నిలవ ఉంచుకోగలవు. దాన్ని ఇంట్లో విప్పవద్దు.

విప్పకముందే లోపాన్ని పట్టుకోవడం

ముందుగా, బాగున్నదని ఖాయంగా తెలిసిన మరో కేబుల్‌తో గిటార్‌ను పరీక్షించండి. బ్యాటరీతో పనిచేసే పికప్‌లు ఉంటే బ్యాటరీ మార్చి చూడండి, అది కారి ఉంటే క్లిప్పును కూడా శుభ్రం చేయండి. ఆ తర్వాతి పరీక్ష బ్యాటరీ లేని గిటార్లకు వర్తిస్తుంది. నా దృష్టిలో ఇంటి మరమ్మతులో అన్నిటికన్నా విలువైన పది నిమిషాలు ఇవే.

కేబుల్ ఒక కొసను గిటార్‌లో పెట్టి, యాంప్లిఫయర్ నుంచి తీసిన రెండో కొసలో పిన్ను మొనకు మల్టీమీటర్ ప్రోబ్ ఒకటి, పిన్ను మొదలు దగ్గరి లోహపు భాగానికి మరొకటి ఆనించండి. మీటరును 20 కిలో ఓమ్‌ల స్థానంలో ఉంచి, నాబ్‌లన్నిటినీ పూర్తిగా తెరిచి, స్విచ్‌ను ఒక్కొక్క పికప్‌కు మారుస్తూ అంకెలు రాసుకోండి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సుమారు 0.06 మిల్లీమీటర్ల మందమున్న రాగి తీగను వేల చుట్లు చుట్టిన చుట్టే కాబట్టి, దానికి తనదైన నిరోధం ఉంటుంది. ఒంటి చుట్ట పికప్‌లు ఎక్కువగా 5 నుంచి 7, జంట చుట్టల హంబకర్లు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటాయి. రెండు పికప్‌లు కలిసి పనిచేసే స్థానంలో ఆ అంకె దాదాపు సగానికి పడిపోతే కంగారు పడనక్కరలేదు, అది సహజమే.

అంకె సున్నాకు దగ్గరగా ఉంటే, సిగ్నల్ తీగ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోందని అర్థం. అంకె 20 కిలో ఓమ్‌ల పరిధి దాటిపోతే మీటరును 2 మెగా ఓమ్‌లకు మార్చి చూడండి. అప్పుడు 250 లేదా 500 కిలో ఓమ్‌ల దగ్గర ఆగితే, అది వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ విలువ. అంటే కేబుల్ దూర్చే జాక్ నుంచి అక్కడిదాకా దారి బాగానే ఉంది, పికప్ చుట్ట గానీ, దాని నుంచి వచ్చే తీగ గానీ, మధ్యలోని స్విచ్ గానీ తెగిందన్నమాట. అక్కడ కూడా ఏమీ చూపకపోతే జాక్ దగ్గరి అతుకే ఊడి ఉంటుందని ముందుగా అనుమానించాలి. ఒక్క స్క్రూ విప్పకుండానే ఇంత తెలిసిపోతుంది.

శబ్దం వస్తూ వెనక గుయ్‌మనే మోత కూడా వస్తుంటే, మీటే తీగలను చేత్తో తాకి చూడండి. తాకగానే మోత తగ్గితే ఎర్త్ తీగ పనిచేస్తున్నట్టే. తగ్గకపోయినా, పెరిగినా బాడీ మీద మీటే తీగలు ఆనే బ్రిడ్జ్ కిందికి వెళ్లే ఎర్త్ తీగను చూడాలి. ఒంటి చుట్ట పికప్‌లకు కొంత మోత పుట్టుకతోనే ఉంటుంది. ఆ మోతను వదిలించడానికే 1955లో గిబ్సన్ సంస్థలో సెథ్ లవర్ రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా కలిపి హంబకర్‌ను రూపొందించాడు. కాబట్టి ఒంటి చుట్ట గిటార్‌లో ఆ సన్నటి మోతను లోపంగా భావించి వెతుకుతూ రోజులు వృథా చేసుకోవద్దు. కానీ తీగలను తాకినప్పుడు చేతికి ఏ కొంచెం షాక్ తగిలినా వెంటనే ఆపేయాలి. అది గిటార్ తప్పు కాదు, యాంప్లిఫయర్‌లోనో ఇంటి ఎర్తింగ్‌లోనో లోపం. దాన్ని ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా ఆ గిటార్‌ను ముట్టుకోకూడదు.

తీగలు తీసి శుభ్రం చేయడం

తీగలను ఒక్కసారిగా తెంచకుండా, ఆరింటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి తీయండి. కొన్ని గిటార్లలో తీగలు తీయగానే బ్రిడ్జ్ ఊడి వచ్చేస్తుంది, అది ఏ దిక్కుకు తిరిగి ఉందో ముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. బాడీని మెత్తటి బట్టను కొద్దిగా తడిపి తుడిస్తే చాలు. పాతకాలపు నైట్రోసెల్యులోస్ పాలిష్ ఉన్న గిటార్లను థిన్నర్, స్పిరిట్ వంటివి కరిగించేస్తాయి కాబట్టి, ఏ పాలిషో తెలియనప్పుడు వాటిని వాడకపోవడమే మేలు.

ఫ్రెట్‌లు, అంటే వీణకు మెట్ల వంటి లోహపు కడ్డీలు, నల్లబడి ఉంటే వాటి మధ్యనున్న చెక్కకు కాగితపు టేపు అంటించి, 0000 నంబరు స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్దండి. దీనికి ముందు పికప్‌లను టేపుతో పూర్తిగా కప్పాలి. లేకపోతే రాలిన ఇనుప పొడి అయస్కాంతాలకు పట్టుకుని ఎప్పటికీ వదలదు. పాలిష్ లేని ముదురు రంగు ఫ్రెట్‌బోర్డ్ ఎండిపోయినట్టుంటే గిటార్ల కోసం అమ్మే నూనెను రెండు మూడు చుక్కలు రాసి, ఐదు నిమిషాల తర్వాత తుడిచేయాలి. పాలిష్ చేసిన మేపుల్ చెక్కకు ఆ నూనె అక్కరలేదు.

నాబ్‌లు, స్విచ్, జాక్

లోపలి భాగాన్ని తెరవగానే తీగలన్నీ కనిపించేలా నాలుగైదు ఫోటోలు తీయండి. గరగరమనే నాబ్‌కు మందు కాంటాక్ట్ క్లీనరే. పొటెన్షియోమీటర్ కాళ్ల పైనున్న సన్నని సందులోకి ఒక్కసారి స్ప్రే చేసి, నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్ఫై సార్లు తిప్పండి. స్విచ్‌కు కూడా ఇదే వైద్యం. తలుపు బందులకు వాడే నూనె స్ప్రేలు మొదట పనిచేసినట్టే అనిపించినా, వాటి జిడ్డుకు దుమ్ము అంటుకుని కొన్ని నెలల్లో గరగర మళ్లీ మొదలవుతుంది. టోన్ నాబ్ కింద ఉండే కెపాసిటర్ మీద సాధారణంగా 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ విలువ రాసి ఉంటుంది. అది చాలా అరుదుగా పాడవుతుంది, పాతదైనంత మాత్రాన మార్చనక్కరలేదు.

జాక్‌ను మాత్రం శ్రద్ధగా చూడాలి. కేబుల్ పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా భారమంతా దాని మీదే పడుతుంది. బయటి మర వదులైతే కేబుల్‌తో పాటు జాక్ కూడా గిర్రున తిరుగుతుంది, లోపలి రెండు తీగలు ఒకదానికొకటి మెలిపడి చివరికి ఏదో ఒకటి తెగుతుంది. నేను తెరిచి చూసిన పాత గిటార్లలో శబ్దం రానివాటికి ఎక్కువసార్లు ఇదే కారణం. తీగలు బాగానే ఉండి, కేబుల్ కదిపినప్పుడు మాత్రమే శబ్దం పోతుంటే, పిన్ను మొనను పట్టుకునే వంపు తిరిగిన లోహపు రేకును వేలితో ఒక మిల్లీమీటరు లోపలికి వంచి, మొన తగిలే చోట శుభ్రం చేస్తే సరిపోతుంది. మర బిగించేటప్పుడు జాక్‌ను లోపలి నుంచి గట్టిగా పట్టుకోండి.

ఊడిన తీగను అతకడం

గాలి ఆడే గదిలో, కళ్లద్దాలు పెట్టుకుని, గిటార్ పైభాగం మీద మందమైన బట్ట పరిచి పని మొదలుపెట్టండి. ఒక్క కరిగిన చుక్క పడినా పాలిష్ మీద మచ్చ మిగిలిపోతుంది. ఐరన్ మొనను తడి స్పాంజితో తుడిచి, దానికి కొద్దిగా సోల్డర్ పూయండి. తీగ చివర తొడుగును అర సెంటీమీటరు ఒలిచి, రాగి పోగులను మెలిపెట్టి, వాటికి కూడా సోల్డర్ పట్టించండి. ఆ తీగను జాక్ కాలి రంధ్రంలో దూర్చి వంచిన తర్వాత, ఐరన్ మొనను కాలికీ తీగకూ కలిపి ఆనించి, రెండు మూడు సెకన్లు వేడెక్కనిచ్చి, సోల్డర్‌ను ఐరన్‌కు కాకుండా వేడెక్కిన కాలికి తగిలించాలి. వేడి చాలినంత ఉంటే అది నేల మీద నీరులా పలచగా పాకి తళతళలాడుతుంది. వేడి చాలకపోతే తామరాకు మీది నీటిబొట్టులా గుండ్రంగా, మసకగా నిలబడిపోతుంది. అలాంటి అతుకు ఈ రోజు పనిచేసినా రేపు ఊడుతుంది, మళ్లీ వేడి చేయండి. చల్లారేదాకా నాలుగైదు సెకన్లు తీగను కదపకూడదు, ఊదకూడదు.

పొటెన్షియోమీటర్ వీపు మీద ఎర్త్ తీగను అతకడం దీనికన్నా కష్టం, ఎందుకంటే అంత లోహమూ వేడిని లాగేసుకుంటుంది. అక్కడ ముందుగా గరుకు కాగితంతో గీసి, ఐరన్ మొన వెడల్పు భాగాన్ని ఆనించి త్వరగా పని ముగించాలి. పది సెకన్లు దాటినా పట్టకపోతే ఆపి, చల్లారిన తర్వాత ప్రయత్నించండి, లేకపోతే లోపలి కార్బన్ పట్టీ మాడిపోతుంది. పాత సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పికప్ చుట్ట లోపలే తెగితే దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. అంత సన్నని తీగను తిరిగి చుట్టడం ప్రత్యేకమైన పనితనం, ఆ పికప్‌ను చుట్టేవారికే ఇవ్వండి.

నెక్ వంపు, తీగల ఎత్తు, శ్రుతి

కొత్త తీగలు వేసి మామూలు శ్రుతికి తెచ్చాకే నెక్‌ను, అంటే ఫ్రెట్‌లున్న పొడవాటి మెడ భాగాన్ని చూడాలి, ఎందుకంటే తీగల లాగుడు లేనప్పుడు నెక్ అసలు వంపు తెలియదు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి, ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల మధ్య తీగకూ ఫ్రెట్‌కూ నడుమ సందు చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే నెక్ బాగున్నట్టే. అంతకన్నా ఎక్కువ ఉంటే నెక్ లోపల వంపును సర్దే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని కుడివైపు తిప్పి బిగించాలి, అసలు సందే లేకపోతే ఎడమవైపు తిప్పి వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు కన్నా తక్కువే తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. రాడ్ గట్టిగా ఎదురు తిరిగితే అక్కడితో ఆపండి. దశాబ్దాలుగా కదలని రాడ్‌ను బలవంతంగా తిప్పితే విరుగుతుంది, దాన్ని మార్చాలంటే చాలా నెక్‌లకు ఫ్రెట్‌బోర్డ్‌నే ఊడదీయాలి.

నెక్ కుదిరాక తీగల ఎత్తు. పన్నెండో ఫ్రెట్ మీద సన్న తీగ కింద 1.5, లావు తీగ కింద 2 మిల్లీమీటర్ల దగ్గర ఉండేలా బ్రిడ్జ్ శాడిల్‌లను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్కలను) సర్దండి. ఒక్క ఫ్రెట్ దగ్గర మాత్రమే తీగ జివ్వుమంటుంటే, ఆ తర్వాతి ఫ్రెట్ పైకి లేచిందేమో చూసి, చెక్క ముక్క ఆనించి మెల్లగా తట్టి కూర్చోబెట్టవచ్చు. ఫ్రెట్‌లన్నిటినీ అరగదీసి సమం చేసే పని మాత్రం అనుభవజ్ఞులకు వదిలేయండి.

ఆ తర్వాతే శాడిల్‌ను ముందుకూ వెనక్కూ జరపాలి. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తేలికగా ఆనించి మీటినప్పుడు వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరమూ ట్యూనర్‌లో ఒకేలా ఉండాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను నెక్‌కు దూరంగా, తగ్గుగా ఉంటే నెక్ వైపు జరిపి, ప్రతిసారీ తీగను మళ్లీ శ్రుతి చేయాలి. ఇది పాత తీగలతో కుదరదు, తుప్పు పట్టిన తీగ ఎంత జరిపినా స్వరం తప్పుతూనే ఉంటుంది.

చివరగా, తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు దానికీ పికప్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండేలా పికప్ పక్కనున్న స్క్రూలు తిప్పండి. శబ్దం పెరుగుతుంది కదా అని మరీ దగ్గరికి తెస్తే, అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది. కొత్త తీగలు ఒకటి రెండు రోజులు సాగుతూనే ఉంటాయి, నెక్ కూడా కొత్త లాగుడుకు మెల్లగా సర్దుకుంటుంది. కాబట్టి గిటార్‌ను శ్రుతిలోనే ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఏడో ఫ్రెట్ దగ్గరి సందునూ, పన్నెండో ఫ్రెట్ దగ్గరి ఎత్తునూ మరోసారి కొలిచి, తేడా ఉంటే అదే వరుసలో సర్దండి.